సింకు కింద ఆర్ఓ: ముందు మూడు కొలతలు, ఆ తర్వాతే స్పానర్

ప్రశ్న: హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్. సింకు కింద ఆర్ఓ పెట్టించి ఏడాదిన్నర అయింది. నెల రోజులుగా కుళాయిలో ధార సన్నబడింది, నీళ్ల రుచి కూడా కాస్త మారింది. సర్వీసుకు వచ్చినతను మెంబ్రేన్‌తో సహా ఫిల్టర్లన్నీ మార్చాలన్నాడు. నిజంగా అన్నీ మార్చాలా? సొంతంగా మార్చుకోవచ్చా?

జవాబు:

సొంతంగా మార్చుకోవచ్చు. అలవాటైన చేతికి గంట పని, మొదటిసారైతే ఒక పూట పెట్టుకోండి. అన్నీ మార్చాలా అన్నది మాత్రం చూసి చెప్పేది కాదు, కొలిచి చెప్పేది. ఏడాదిన్నరకి మెంబ్రేన్ పోయి ఉండొచ్చు, నిక్షేపంగానూ ఉండొచ్చు. ఆర్ఓ మొత్తంలో నీటిలోని ఉప్పుల్ని ఆపేది మెంబ్రేన్ ఒక్కటే, ఫిల్టర్లలో ఖరీదైనదీ అదే. దాని ముందున్న స్పన్ (మట్టిని పట్టే పోగుల ఫిల్టరు), సెడిమెంట్ (మిగిలిన సన్న మట్టిని ఆపేది), కార్బన్ (క్లోరిన్, వాసన లాగేసేది) మూడూ దానికి కాపలా. కాపలా వాటిని వేళకి మార్చి, మార్చేటప్పుడు కార్బన్ పొడిని మెంబ్రేన్‌లోకి పోనివ్వకపోతే మెంబ్రేన్ మామూలుగా రెండు మూడేళ్లు వస్తుంది. గట్టి బోరు నీళ్లయితే ఏడాది, ఏడాదిన్నర.

కాబట్టి ముందు మీ నీళ్లేవో తేల్చుకోండి. అపార్ట్‌మెంట్లలో మున్సిపల్ నీళ్లు, బోరు నీళ్లు, ఎండాకాలం ట్యాంకర్ నీళ్లు అన్నీ ఒకే సంపులో కలుస్తాయి. నిన్న 250 చూపించిన టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన ఉప్పులు లీటరుకి ఎన్ని మి.గ్రా. ఉన్నాయో చూపేది) బోరు మోటారు వేసిన రోజు 900 చూపించినా ఆశ్చర్యం లేదు. ఒక్కరోజు కొలిచి నిర్ణయానికి రావద్దు. వారంలో రెండు మూడు రోజులు, వేర్వేరు వేళల్లో వంటింటి కుళాయి దగ్గర కొలిచి రాసుకోండి. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం టీడీఎస్ లీటరుకు 500 మి.గ్రా. దాకా ఫరవాలేదు, వేరే నీళ్లు దొరకనప్పుడు 2000 దాకా అనుమతి. ఏడాది పొడవునా 300 దాటని మున్సిపల్ నీళ్లే వస్తుంటే అసలు ఆర్ఓ అక్కర్లేదు, కార్బన్‌తో పాటు యూఎఫ్ (సన్న రంధ్రాల వడపోత) గానీ యూవీ (సూక్ష్మజీవుల్ని చంపే అతినీలలోహిత దీపం) గానీ ఉన్నది చాలు. 500 లోపు టీడీఎస్ ఉన్నచోట ఆర్ఓలు నిషేధించమని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లోనే కేంద్రానికి చెప్పింది. ఉన్న మిషన్ తీసి పారేయమని కాదు గానీ, మెంబ్రేన్ మీద రెండోసారి డబ్బు పెట్టే ముందు ఆలోచించాల్సిన సంగతి ఇది.

మూడు కొలతలు

కావలసినవి: టీడీఎస్ మీటరు, మి.లీ. గీతలున్న కొలత గ్లాసు (పిల్లల పాలసీసా అయినా సరే), సెల్‌ఫోన్‌లో టైమరు.

మెంబ్రేన్ హౌసింగ్ నుంచి బయటికి రెండు పైపులుంటాయి. మధ్యలోంచి వచ్చేది మంచినీళ్ల పైపు, పక్క నుంచి వచ్చేది వేస్ట్ వాటర్ పైపు. మిషన్ ఆపి మంచినీళ్ల పైపును అవతలి చివర ఊడదీసి గ్లాసులోకి పెట్టండి. వేస్ట్ పైపును డ్రైన్ దగ్గర ఊడదీసి బకెట్లో వేయండి. మిషన్ ఆన్ చేసి మొదటి ఐదు నిమిషాల నీళ్లు వదిలేయండి. ఇది తప్పనిసరి. మిషన్ ఆగి ఉన్నప్పుడు ఉప్పులు మెంబ్రేన్ గుండా మెల్లగా మంచినీళ్ల వైపుకి చేరతాయి కాబట్టి, పొద్దున్నే ఆన్ చేసిన మొదటి గ్లాసు టీడీఎస్ ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుంది. ఆ అంకె పట్టుకుని మెంబ్రేన్ పోయిందనుకుంటే డబ్బు దండగ.

ఐదు నిమిషాల తర్వాత సరిగ్గా ఒక నిమిషం పట్టి మంచినీళ్లెన్నో, వేస్ట్ నీళ్లెన్నో చూడండి. మూడో కొలత టీడీఎస్: లోపలికి వచ్చే నీళ్లది, మెంబ్రేన్ నుంచి నేరుగా వచ్చిన మంచినీళ్లది. మంచినీళ్లది ఆర్ఓ కుళాయి దగ్గర కొలిస్తే లెక్క తప్పుతుంది. టీడీఎస్ కంట్రోలర్ ఉన్న మిషన్లలో పచ్చి నీళ్లు కొంత కలిపి రుచి తెప్పిస్తారు, మినరల్ కార్ట్రిడ్జ్ కూడా అంకెను పెంచుతుంది.

ఇళ్లలో ఎక్కువగా ఉండేది 75 జీపీడీ (రోజుకి ఇన్ని గ్యాలన్లు అని) మెంబ్రేన్. అంటే రోజంతా ఆపకుండా నడిస్తే దాదాపు 284 లీటర్లు; నిమిషానికి 200 మి.లీ. దరిదాపు. 100 జీపీడీ అయితే 260. ఈ అంకెలు 25 డిగ్రీల నీళ్లకి. నీళ్లు ఒక డిగ్రీ చల్లబడితే మంచినీళ్లు సుమారు 3 శాతం తగ్గుతాయి, కనుక డిసెంబరు పొద్దున ధార కాస్త సన్నబడితే కంగారు వద్దు. వేస్ట్ నీళ్లు ఎన్ని రావాలో ఫ్లో రిస్ట్రిక్టర్ మీదే రాసి ఉంటుంది. వేస్ట్ పైపులో బిగించిన ఆ చిన్న తెల్ల గొట్టం మీద 300, 450, 550 లాంటి అంకె కనిపిస్తుంది, నిమిషానికి అన్ని మి.లీ. అని అర్థం. దీన్ని మెకానిక్‌లు ఎఫ్‌ఆర్ అంటారు.

ఇప్పుడు అంకెలు ఏం చెబుతున్నాయో చూద్దాం. మంచినీళ్లూ తగ్గి వేస్టూ తగ్గితే అడ్డం మెంబ్రేన్‌కి ముందే ఉంది: స్పన్, సెడిమెంట్, కార్బన్‌లలో ఒకటి పూడుకుంది, లేదా సొలెనాయిడ్ వాల్వు (కరెంటుతో తెరుచుకునే వాల్వు) సగమే తెరుచుకుంటోంది, పంపు బలహీనపడింది, లేదంటే సింకు కింద ఇన్‌లెట్ కుళాయి ఎవరో సగం తిప్పారు. ఈ చివరిది నవ్వులాటకి అనడం లేదు, పని మనిషి గిన్నెలు సర్దుతూ మోచెయ్యి తగిలినా అది తిరుగుతుంది. వేస్ట్ సరిగ్గా ఉండి మంచినీళ్లు సగానికి పడిపోతే మెంబ్రేన్ మీద సున్నం పేరుకుంది. మంచినీళ్లు బాగానే వస్తూ, ఒక్కోసారి మునుపటికన్నా ఎక్కువే వస్తూ, టీడీఎస్ పెరిగితే మెంబ్రేన్‌ని క్లోరిన్ తినేసింది, లేదా లోపలి ఓ రింగు (నీళ్లు కారకుండా ఆపే రబ్బరు చుట్టు) చిరిగి పచ్చి నీళ్లు కలుస్తున్నాయి. వేస్ట్ దాదాపు ఆగిపోతే ఎఫ్‌ఆర్ మూసుకుపోయింది, అలాగే నడిపితే నెలల్లో మెంబ్రేన్ సున్నపు గడ్డ అవుతుంది. వేస్ట్ మరీ ఎక్కువైతే ఎఫ్‌ఆర్ అరిగి లోపల ప్రెషర్ నిలవడం లేదు.

మెంబ్రేన్ దగ్గర మూడు అంకెలూ బాగుండి కుళాయిలో మాత్రమే ధార సన్నగా ఉంటే లోపం అవతల ఉంది: పోస్ట్ కార్బన్ (మెంబ్రేన్ తర్వాత, కుళాయికి ముందుండే కార్బన్ ఫిల్టరు) పూడుకుంది, లేదా ప్రెషర్ ట్యాంకులో (మంచినీళ్లు నిలవుండే ట్యాంకు) గాలి తగ్గింది. మీ మాటలను బట్టి ఈ అనుమానమే నాకు ముందు వస్తోంది. ధార సన్నబడటం, రుచి మారడం రెండూ కలిసి వచ్చాయంటే పాత పోస్ట్ కార్బన్‌ని చూడాలి. కొలవకుండా ఖాయం చేయలేం.

ఉప్పుల్ని ఎంత శాతం ఆపుతోందో లెక్క కట్టండి. లోపలికి 600, బయటికి 45 అనుకుంటే ఆగింది 555, అంటే 92 శాతం. 90 పైన ఉంటే మెంబ్రేన్ జోలికి వెళ్లొద్దు. 80 నుంచి 90 మధ్య ఉంటే నెలకోసారి చూస్తూ ఉండండి. 80 కిందకి వస్తే ముందు ఓ రింగులు చూసి, అవి బాగుంటే మెంబ్రేన్ మార్చండి.

కార్బన్ ఎప్పుడు మార్చాలి

ఎక్కువమంది ఇక్కడే పొరబడతారు. కార్బన్ డబ్బా మీద ఇన్ని వేల లీటర్లు అని రాసి ఉంటే, మనం తాగేది రోజుకి 20 లీటర్లే కదా, ఏళ్లు వస్తుందనుకుంటారు. కానీ వేస్ట్‌గా పోయే నీళ్లు కూడా కార్బన్ గుండా వెళ్లాకే పోతాయి. మిషన్ 30 శాతం మంచినీళ్లు ఇస్తోందనుకుంటే 20 లీటర్ల కోసం కార్బన్ దాటే నీళ్లు 65 లీటర్లకు పైనే. నెలకి 2000 లీటర్లు, ఆరు నెలలకి 12,000.

మున్సిపల్ నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. ఇళ్ల మెంబ్రేన్‌లు క్లోరిన్‌ని లీటరుకి 0.1 మి.గ్రా. కన్నా ఎక్కువ తట్టుకోలేవు. ప్రమాణం ప్రకారం కుళాయి చివర కనీసం 0.2 ఉండాలి. అంటే మంచి సరఫరా ఉన్నచోటే కార్బన్ పని ఎక్కువ. క్లోరిన్ చూసే చుక్కల మందు కిట్టు దొరుకుతుంది, చుక్కలు వేస్తే నీళ్లు పసుపు రంగుకి తిరుగుతాయి. ముందు కుళాయి నీళ్లలో వేయండి, తర్వాత కార్బన్ దాటిన నీళ్లలో. కుళాయిలో పసుపు వచ్చి కార్బన్ తర్వాత రంగు రాకపోతే కార్బన్ బతికే ఉంది. తర్వాత కూడా లేత పసుపు కనిపించిందంటే ఆ రోజే మార్చాలి. కిట్టు లేకపోతే మున్సిపల్ నీళ్లకి ఆరు నెలలు, మహా అయితే తొమ్మిది. కేవలం బోరు నీళ్లు వాడే ఇంట్లో క్లోరిన్ గొడవ లేదు గానీ, వాసనలు పట్టిన కార్బన్‌లో సూక్ష్మజీవులు పెరుగుతాయి కనుక ఏడాదికి మించి ఉంచవద్దు.

బయటి పారదర్శక బౌల్‌లో ఉండే 10 అంగుళాల, 5 మైక్రాన్ల స్పన్‌కి లెక్క వేరు. ట్యాంకర్ నీళ్లయితే రెండు నెలలు, శుభ్రమైన నీళ్లయితే ఐదారు నెలలు. రంగు చూసి మోసపోకండి, మొదటి వారానికే పైన గోధుమరంగు వస్తుంది. తీసిన పాత స్పన్‌ని బ్లేడుతో అడ్డంగా కోసి చూడండి. బయట అర అంగుళం మాత్రమే రంగు తేలి లోపల తెల్లగా ఉంటే సరైన వేళకి మార్చారు. మధ్య బొక్క దాకా రంగు పాకి ఉంటే ఆలస్యమైంది, మడ్డి లోపలి సెడిమెంట్‌కి చేరిపోయింది. వచ్చేసారి నెల ముందు మార్చండి. స్పన్‌ని బ్రష్షుతో తోమి మళ్లీ పెట్టడం వద్దు. అది లోతులో మట్టి పట్టుకునే రకం. పైన తోమితే పోగులు లేస్తాయే తప్ప లోపలి మట్టి రాదు.

విప్పే ముందు

సంచిలో ఇవి పెట్టుకోండి: కొత్త ఫిల్టర్లు, బౌల్ స్పానర్, మెంబ్రేన్ హౌసింగ్ స్పానర్, టెఫ్లాన్ టేపు, పదునైన బ్లేడు, రెండు అడుగుల అదనపు పావు అంగుళం పైపు, రెండు మూడు ఎల్బోలు (పైపుని కలిపే మోచేతి వంపు జాయింట్లు), పైపు ఊడకుండా పట్టే చిన్న లాక్ క్లిప్పులు, తువ్వాలు, టబ్బు. ఓ రింగులకి రాయడానికి ఆహారానికి పనికొచ్చే సిలికాన్ గ్రీజు ఉంటే మంచిది, లేకపోతే మంచినీళ్లతో తడిపితే చాలు. వాజిలీన్, కొబ్బరినూనె రాయొద్దు, కొన్ని రకాల రబ్బరు వాటికి ఉబ్బిపోతుంది.

ప్లగ్గు సాకెట్ నుంచి తీసేయండి, స్విచ్ ఆపితే చాలదు. మిషన్ లోపల 24 వోల్టులే, కానీ అడాప్టరు దాకా వచ్చేది 230. సింకు కింద తడిలో ఆ సాకెట్ దగ్గర చేతులు పెడుతున్నారు. తర్వాత ఇన్‌లెట్ వాల్వు మూసి, ప్రెషర్ ట్యాంకు మీది వాల్వు మూసి, పై కుళాయి తెరిచి ధార ఆగేదాకా వదలండి. పైపులన్నిటికీ ఫోటో తీయండి. అన్నీ తెల్ల పైపులే అయితే విప్పే ముందే టేపు ముక్కలు అంటించి నంబర్లు రాయండి.

బౌల్ తిప్పే దిశ దగ్గర చాలామంది తడబడతారు. సింకు కింద దూరి కింద నుంచి పైకి చూస్తూ విప్పితే గడియారం ముల్లుకి ఎదురు దిశ. పై నుంచి వంగి చూస్తూ విప్పితే ముల్లు తిరిగే దిశే. తప్పు దిశలో బలంగా తిప్పితే బౌల్ మెడ దగ్గర వెంట్రుక మందాన చీలిక వస్తుంది. ఆ రోజు కారదు, కొన్నాళ్లకి అర్ధరాత్రి పగులుతుంది. బౌల్‌లో లీటరు దాకా నీళ్లుంటాయి, టబ్బు పెట్టాకే వదులు చేయండి. ఓ రింగు ఒక్కోసారి పై మూతకే అంటుకుని ఉంటుంది, చూడకుండా ఇంకొకటి వేస్తే రెండూ కలిసి కారతాయి.

బౌల్ కడిగి కొత్త స్పన్‌ని అడుగున ఉన్న ఉబ్బు మీద నిలువుగా కూర్చోబెట్టండి. అటూ ఇటూ వాలితే నీళ్లు పక్క నుంచి తప్పుకుని పోతాయి, స్పన్ నెలల తరబడి తెల్లగానే ఉంటుంది. అలా మరీ తెల్లగా ఉంటే ఆనందపడొద్దు, అది పని చేయడం లేదు. బౌల్‌ని చేత్తో బిగించి స్పానర్‌తో పావు చుట్టు చాలు. నీళ్లని ఆపేది ఓ రింగు, బిగింపు కాదు.

సెడిమెంట్, కార్బన్

వీటి రెండు చివర్లూ ఎల్బోలతో ఉంటాయి. పైపు తీయాలంటే ఎల్బో నోటి చుట్టూ ఉన్న రింగుని రెండు వేళ్లతో సమానంగా లోపలికి నొక్కి పట్టి, పైపుని నిటారుగా లాగాలి. ఒక పక్కే నొక్కి గుంజితే పైపు మీద గాట్లు పడతాయి. తీసిన ప్రతి పైపు చివర సెంటీమీటరు బ్లేడుతో సూటిగా కోసేయండి, పాత పళ్ల గాట్లు ఉన్న చివరే మళ్లీ పెడితే అక్కడే చుక్కలు మొదలవుతాయి. ఏటవాలుగా కోయొద్దు. పెట్టేటప్పుడు పైపు దాదాపు ఒకటిన్నర సెంటీమీటర్లు లోపలికి దిగాలి. ముందే పెన్నుతో గీత పెట్టుకుంటే సగంలో ఆగిందో లేదో తెలుస్తుంది. దిగాక ఒకసారి వెనక్కి లాగి చూసి క్లిప్పు వేయండి.

మర ఉన్న ఎల్బోలకి టెఫ్లాన్ టేపు ఎనిమిది, పది చుట్లు. మర మీ వైపు చూస్తుండగా ముల్లు తిరిగే దిశలో చుట్టాలి, మొదటి మర ఖాళీగా వదలాలి. కారుతుందేమోనని ఇరవై చుట్లు చుడితే ప్లాస్టిక్ నోరు పగులుతుంది. నొక్కి పెట్టే పైపులకి టేపు అసలు అక్కర్లేదు.

ఫిల్టర్ మీద బాణం గుర్తు నీళ్లు వెళ్లే దిశ. సెడిమెంట్ ముందు, కార్బన్ తర్వాత. తారుమారైతే మట్టంతా కార్బన్‌కి పట్టి రెండు నెలల్లో పూడుకుపోతుంది. ఇంకొకటి: కొత్త ఫిల్టర్ రెండు చివర్లలో చిన్న ప్లాస్టిక్ బిరడాలుంటాయి, చుట్టూ కవరు ఉంటుంది. బిరడా తీయడం మరిచి, నీళ్లు రాక పంపు మార్చాలేమో అని ఫోన్ చేసేవాళ్లు ఉన్నారు.

అన్నిటికన్నా ముఖ్యమైన దశ ఇది. కొత్త కార్బన్‌ని కడగకుండా మెంబ్రేన్‌కి కలపకూడదు. లోపలి నల్లటి నుసి మెంబ్రేన్ పొరల మధ్య ఇరుక్కుంటే మళ్లీ రాదు, కొత్త మెంబ్రేన్ మొదటి రోజే కొంత పూడుకుపోతుంది. మిషన్‌లో బిగించాక కడగబోతే ఒక చిక్కు ఉంది: సొలెనాయిడ్ వాల్వు కరెంటు ఉంటేనే తెరుచుకుంటుంది, కరెంటు ఇస్తే పంపు కూడా తిరుగుతుంది. అందుకని సులువైన పద్ధతి, బిగించక ముందే స్పన్ బౌల్ నుంచి వచ్చే పైపుని నేరుగా కొత్త కార్బన్ లోపలి నోటికి కలిపి, రెండో చివర బకెట్లో పెట్టి, ఇన్‌లెట్ వాల్వు మెల్లగా తెరవడం. ఫిల్టర్‌ని నిలువుగా పట్టుకుని నెమ్మదిగా తడుతూ ఉండండి. ముందు ఇంకులాంటి నీళ్లు, తర్వాత బూడిదరంగు, తర్వాత తేట. తెల్ల స్టీలు గిన్నెలో పట్టి చూస్తే అడుగున నల్ల చుక్క లేకపోవాలి. పది లీటర్లకి తగ్గకుండా వదలండి. గింజల కార్బన్‌కి నుసి ఎక్కువ, దిమ్మ కార్బన్‌కి తక్కువ. సెడిమెంట్‌ని రెండు లీటర్లతో కడిగితే చాలు.

మెంబ్రేన్ మార్చాల్సి వస్తే

హౌసింగ్ మూత స్పానర్‌తో విప్పి, మెంబ్రేన్ మధ్య గొట్టాన్ని ప్లయర్‌తో పట్టి మెలితిప్పుతూ లాగండి. పాతదాని చివర వేలితో రాసి చూడండి. ఇసుకలా గరగర తగిలితే సున్నం. కొత్తది పెట్టే ముందు యాంటీ స్కేలెంట్ కార్ట్రిడ్జ్ (సున్నం పేరుకోకుండా చూసే గోళీల డబ్బా) ఉందో లేదో, దానిలోని గోళీలు కరిగిపోయాయో చూడండి. జిగటగా గోధుమరంగు ఉంటే ఇనుము గానీ బంకమట్టి గానీ, అంటే స్పన్ ఆలస్యమైంది. హౌసింగ్ లోపల జారుడుగా ఉంటే సబ్బు లేకుండా మెత్తని బ్రష్షుతో కడగండి.

కొత్త మెంబ్రేన్‌ని ప్లాస్టిక్ కవరుతోనే పట్టుకుని, రెండు చిన్న ఓ రింగులున్న చివర ముందుగా లోపలికి పోనివ్వండి. పెద్ద రబ్బరు అంచు మూత వైపు ఉండాలి. ఓ రింగులు నీళ్లతో తడిపి, బొటనవేళ్లతో నొక్కుతూ కొంచెం తిప్పితే అది రెండు అంచెల్లో దిగినట్టు చేతికి తెలుస్తుంది. రెండో అంచె దిగకుండా మూత బిగిస్తే పచ్చి నీళ్లు మంచినీళ్లలో కలుస్తాయి, కొత్త మెంబ్రేన్‌కే టీడీఎస్ 300 వస్తుంది, దుకాణంవాడు నకిలీ ఇచ్చాడని గొడవ పెట్టుకుంటారు. మార్కర్‌తో హౌసింగ్ మీద తేదీ రాయండి.

ఎఫ్‌ఆర్‌ని మెంబ్రేన్‌తో పాటే మార్చండి, పాత అంకె ఉన్నదే, బాణం డ్రైన్ వైపు. నీళ్లు వృథా అవుతున్నాయని చిన్న అంకె ఉన్న ఎఫ్‌ఆర్ వేయించుకునేవాళ్లు ఉన్నారు. గట్టి నీళ్లకి అది మెంబ్రేన్‌ని చంపుకోవడమే, ఉప్పుల్ని బయటికి తోసుకుపోయేది ఆ వేస్ట్ నీళ్లే. 600 టీడీఎస్ నీళ్లలోంచి 30 శాతం మంచినీళ్లు తీసుకుంటే వేస్ట్ నీళ్ల టీడీఎస్ దాదాపు 840 ఉంటుంది. ఇల్లు తుడవడానికి, బాత్రూమ్‌కి వాడుకోండి, కుండీలకి రోజూ పోయొద్దు.

మొదటి గంట వచ్చిన మంచినీళ్లు, సుమారు 12 లీటర్లు, తాగొద్దు. ఒకసారి తడిసిన మెంబ్రేన్ మళ్లీ ఎండకూడదు, ఎండితే నీళ్లివ్వడం తగ్గిపోతుంది. అందుకని ఊరెళ్లే ముందు రోజు మార్చొద్దు. మే నెలలో ఇంకో సంగతి: డాబా మీది నల్ల ట్యాంకు నీళ్లు మధ్యాహ్నానికి కాలిపోతుంటాయి. ఇళ్ల మెంబ్రేన్‌కి పరిమితి 45 డిగ్రీలు. ఆ రోజుల్లో తెల్లవారుజామునే ట్యాంకు నింపుకుని, మధ్యాహ్నం మిషన్ ఆపేయడం మేలు.

ట్యాంకు, పోస్ట్ కార్బన్

పాత పోస్ట్ కార్బన్ తీసేసి దాని చోట ఖాళీ పైపు కలపండి. ప్రెషర్ ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి పక్కనున్న చిన్న మూత విప్పితే టైరుకి ఉండేలాంటి గాలి వాల్వు కనిపిస్తుంది. ఖాళీ ట్యాంకులో 5 నుంచి 7 పీఎస్ఐ ఉండాలి. నీళ్లుండగా కొలిచిన అంకె పనికిరాదు. తక్కువ ఉంటే సైకిల్ పంపుతో నాలుగైదు సార్లు కొట్టి మళ్లీ చూడండి, పంక్చర్ షాపు కంప్రెసర్ వద్దు. గాలి తగ్గితే మొదటి గ్లాసు బాగా వచ్చి తర్వాత ధార నీరసిస్తుంది. ఎక్కువైతే ట్యాంకులో పట్టే నీళ్లు తగ్గుతాయి. వాల్వు పిన్ను నొక్కినప్పుడు గాలి బదులు నీళ్లొస్తే లోపలి రబ్బరు సంచి చిరిగింది, ట్యాంకే మార్చాలి.

ఏడాదికోసారి ట్యాంకుని బ్లీచ్‌తో శుద్ధి చేయాలి. వాసన కలపని 5 శాతం ద్రవ బ్లీచ్, లీటరు నీళ్లకి 1 మి.లీ. చొప్పున. 10 లీటర్లు పట్టే ట్యాంకుకి 10 మి.లీ. సిరంజితో ఖాళీ ట్యాంకు నోట్లో పోసి, బిగించి, మిషన్‌తో నింపి అరగంట ఉంచండి. తర్వాత కుళాయి నుంచి మొత్తం వదిలి, రెండుసార్లు నింపి ఖాళీ చేయండి. బ్లీచ్‌ని మెంబ్రేన్‌కి ముందు ఎక్కడా పోయొద్దు. ఇది అయ్యాకే కొత్త పోస్ట్ కార్బన్ పెట్టి మూడు లీటర్లు వదలండి. పెట్టాక చేస్తే క్లోరిన్‌ని కార్బన్ తినేస్తుంది, కుళాయి దాకా శుద్ధి చేరదు.

ఫ్లోరైడ్ ఉన్న ఊళ్లలో

నల్లగొండ, ప్రకాశం, అనంతపురం వైపు బోరు నీళ్లు వాడే ఇళ్లకి ఒక హెచ్చరిక. ఫ్లోరైడ్ లీటరుకి 1 మి.గ్రా. లోపు ఉండాలి, గత్యంతరం లేకపోతే 1.5. మెంబ్రేన్ దాన్ని బాగానే ఆపుతుంది, కానీ టీడీఎస్ కంట్రోలర్ తెరిచి ఉంటే రుచి కోసం కలిపే పచ్చి నీళ్లతో ఫ్లోరైడ్ తిరిగి వచ్చేస్తుంది. 3 మి.గ్రా. ఉన్న నీళ్లు మూడో వంతు కలిసినా మళ్లీ 1 దగ్గరికి చేరినట్టే. అలాంటి చోట కంట్రోలర్ పూర్తిగా మూసేయాలి. నీళ్లు చప్పగా ఉన్నాయని తెరవమన్నా వినొద్దు. టీడీఎస్ మీటరు ఫ్లోరైడ్‌ని విడిగా చూపించదు, దాని పరీక్ష ల్యాబ్‌లో చేయించాల్సిందే.

అన్నీ బిగించాక

ఇన్‌లెట్ వాల్వు పావు వంతు తెరిచి బౌల్ నిండనివ్వండి, పైన ఎర్ర బటన్ ఉంటే నొక్కి గాలి వదలండి. తర్వాత కరెంటు. పంపు మొదట్లో గరగరమంటుంది, గాలి పోయాక సర్దుకుంటుంది. పది నిమిషాలైనా ఆగి ఆగి కొట్టుకుంటుంటే నీళ్ల ప్రెషర్ చాలడం లేదు, వాల్వు పూర్తిగా తెరిచారో చూడండి. ప్రతి జాయింటునీ పొడి టిష్యూతో తుడిచి చూడండి, కంటికి కనబడని చెమ్మ దానికి తెలుస్తుంది. కింద పాత న్యూస్‌పేపర్ పరిచి పడుకునేదాకా ఉంచితే మచ్చ ఎక్కడ పడిందో ఆ పైనే లీకు. ఆ రాత్రి పడుకునే ముందు ఇన్‌లెట్ మూసేయడం మంచి అలవాటు.

నీళ్లు పాలలా తెల్లగా వస్తే గాబరా వద్దు. గ్లాసులో రెండు నిమిషాలు ఉంచండి; తెలుపు కింద నుంచి పైకి తేటబడితే అది గాలే. నల్ల రేణువులు రెండో రోజూ వస్తుంటే పోస్ట్ కార్బన్ ఇంకా కడగాలి. మిషన్ ఆపినా వేస్ట్ పైపులో నీళ్లు పోతూనే ఉంటే సొలెనాయిడ్ వాల్వులో మట్టి ఇరుక్కుంది. ట్యాంకు నిండినా మిషన్ ఆగకపోతే మెంబ్రేన్ దగ్గరి నాన్ రిటర్న్ వాల్వు (నీళ్లు వెనక్కి రాకుండా ఆపేది) గానీ హై ప్రెషర్ స్విచ్ (ట్యాంకు నిండితే పంపు ఆపేది) గానీ చూడాలి. ఈ రెండూ, పంపు, అడాప్టరు చేతకాకపోతే మెకానిక్‌కి వదిలేయండి, ఫిల్టర్ల సంగతి మాత్రం మీరే చూసుకోండి. యూవీ ఉన్న మిషన్ అయితే ప్లగ్గు తీశాకే దాని గొట్టం తెరవాలి. గాజు తొడుగు మీది తెల్ల పొర నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లతో పోతుంది, దీపం గాజుని వేళ్లతో ముట్టుకోకూడదు. నీలంగా వెలుగుతున్నంత మాత్రాన పని చేస్తున్నట్టు కాదు, వాడకొద్దీ దాని బలం తగ్గుతుంది.

మీ విషయంలో వరస ఇది: ముందు మూడు కొలతలు. స్పన్, సెడిమెంట్, కార్బన్, పోస్ట్ కార్బన్ ఏడాదిన్నరగా మార్చకపోతే కొలతలు ఏమైనా సరే ఆ నాలుగూ మార్చేయండి, ట్యాంకు గాలి చూసుకోండి. రెండు రోజులు నడిపి మళ్లీ కొలవండి. అప్పటికీ నిమిషానికి 100 మి.లీ. దాటకపోయినా, 80 శాతం కన్నా తక్కువ ఆపుతున్నా అప్పుడు మెంబ్రేన్, ఎఫ్‌ఆర్ కొనండి. పాత మెంబ్రేన్‌ని యాసిడ్‌తో కడిగి వాడుకోవచ్చని చెప్పేవాళ్ల మాట వినొద్దు. బాత్రూమ్ యాసిడ్‌తో పొర పాడవుతుంది, నిమ్మ ఉప్పుతో తేలికపాటి సున్నం పోయినా క్లోరిన్ తిన్న పొర తిరిగి రాదు.